గెలిస్తే గాలి, ఓడితే గుంతలు

ముందు వరసలో డాక్టరుగారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ఓటమికి పూర్తి బాధ్యత నాదే" అన్నారు. తనూ ఓడిపోయి వెనక వరసలో కూర్చున్న ఆమె, ఆ మాట ఆయన నోట విని ఆయన వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. ఊళ్లో సగంమంది పిల్లలకి జ్వరమొస్తే తలుపు తట్టేది ఆయన ఇంటిదే, ఇచ్చుకోలేనివాళ్ల దగ్గర ఫీజు మాటెత్తని మనిషి, అలాంటాయన మీద జనానికి ఏం కోపం ఉంటుంది, అయినా అసెంబ్లీ ఎన్నికల్లో ఓడిపోయారు. ఓడిపోయి ఇప్పుడు పార్టీ ఆఫీసు హాల్లో, హోమ్‌వర్కు చెయ్యని కుర్రాడిలా చేతులు కట్టుకుని, మా దగ్గర డ్రైనేజీ పని సగంలో ఆగింది సార్, అందుకే, అంటున్నారు. వేదిక మీద పెద్దాయన తల ఊపారు. దేశాన్ని ఏలుతున్న మనిషి, ఫొటోల్లో కనిపించినదానికంటే పొట్టిగా, అలిసిపోయినట్టుగా ఉన్నారు. పక్కనున్న కార్యదర్శి ముఖ్యమైన సంగతేదో దొరికినట్టు గబగబా రాసుకున్నాడు, డ్రైనేజీ. డాక్టరుగారు కూర్చున్నారు. ఆ వెనక కుర్చీలో మనిషి లేచాడు. వరసల ప్రకారం చూస్తే ఆమె వంతు రావడానికి ఇంకా గంటయినా పడుతుంది, గంటసేపు ఈ మాటే వినాలి, ఇన్ని గొంతుల్లో, ఆఖరికి తన గొంతులో కూడా.

ఈ పార్టీలో ఇదొక ఆనవాయితీ. దీనికి బాధ్యత సభ అని పేరు. ఓడిన ప్రతిసారీ ఓడినవాళ్లని ఒకచోట కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ లేపుతారు. లేచినవాళ్లు బాధ్యత నాదే అనాలి, తమ ఊరి కారణం ఒకటి చెప్పాలి, దణ్ణం పెట్టి కూర్చోవాలి. పార్టీ పెట్టినాయన కాలంలో మొదలైందట. ఆయన అందరికంటే ముందు తనే లేచి, తప్పంతా నాది, కుర్రాళ్లు బాగానే కష్టపడ్డారు అనేవారట, అప్పుడిక మిగతావాళ్లు అనడానికేం మిగిలేది కాదు, అందరూ కలిసి భోంచేసి ఇళ్లకు వెళ్లేవారు. పార్టీలో చేరిన కొత్తలో ఆ కథ విని ఆమెకి కళ్లు చెమర్చాయి కూడా. ఎప్పుడు తలకిందులైందో ఎవరికీ గుర్తులేదు. ఒక ఏడాది వేదిక మీదవాళ్లకి పని తొందర వచ్చి ఉంటుంది, ముందు మీరు చెప్పెయ్యండి అని ఉంటారు, అంతే, అప్పటినుంచీ బాధ్యత కింది వరసల్లోనే తిరుగుతోంది, మెట్లెక్కడం మర్చిపోయింది.

ఏసీ గాలి సరిగ్గా మెడ మీదకే కొడుతోంది. కుర్చీ మారదామా అంటే ఖాళీలు లేవు, ఇంతమంది ఓడిపోయారా అని ఇవాళ హాల్లోకి వచ్చాకే తెలిసింది, పేపర్లో అంకె చదవడం వేరు, ఆ అంకె చెమట తుడుచుకుంటూ పక్కన కూర్చోవడం వేరు. పొద్దున గుమ్మంలోనే కార్యదర్శి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "చెల్లెమ్మా, నీ గురించి పెద్దాయనతో మాట్లాడాను. రెండేళ్లలో పార్లమెంటు ఎన్నికలు. నీ సీటుకి నాది పూచీ. ఇవాళ లేచి ఆ ఒక్క ముక్క అనేసి, రోడ్లనో మరోటనో చెప్పి కూర్చో. ఆయన మనసు బాగాలేదు, లేనిపోనివి కదపకు." కదపకు అనేటప్పుడు అతని కళ్లు ఆమె మొహంలో దేనికోసమో వెతికాయి. ఆమె సరేనన్నట్టు తలూపింది. ఊపిందా? ఊపే ఉంటుంది, ఆ తల ఊపడం ఎన్నేళ్ల అలవాటు. పార్లమెంటు సీటు. మాట వినగానే గుండె గంతేసిన మాట నిజం, అబద్ధమాడటం ఎందుకు. గోడలకి పోస్టర్లు అంటించి వేళ్లు జిగురు కట్టిన రోజుల నుంచీ ఆమె మనసులో ఎవరికీ చెప్పకుండా దాచుకున్న కోరిక అదే. ఆ పెద్ద భవనంలో, ఆ గుండ్రటి హాల్లో ఒక్కసారి లేచి మాట్లాడాలని. కావాలి. చాలా కావాలి.

వెనకనించి ఎవరో, మా బావమరిది రెబెల్‌గా నిలబడ్డాడు సార్, అంటున్నారు. కార్యదర్శి రాసుకున్నాడు. బావమరిది. డ్రైనేజీ, బావమరిది, ఇంకొకాయన వానలన్నాడు, ఒకామె స్కూలు గోడ కూలిందంది. ఇన్ని కారణాలూ విడివిడిగా చూస్తే నిజంలాగే ఉన్నాయి. నాలుగేళ్ల కిందట ఇంకో రాష్ట్రంలో ఇలాగే పార్లమెంటు ఎన్నికలకి ముందు ఓట్లు పడి పార్టీ గెలిచినప్పుడు మాత్రం ఎవరికీ డ్రైనేజీ గుర్తుకు రాలేదు. ఇదే పెద్దాయన టీవీలో ఇది ఒక రాష్ట్రం ఫలితం కాదు, దేశం నాడి అన్నారు. ఆ రాత్రి ఆమె మొగుడు జిరాక్సు షాపు షట్టరు దించుతూ నవ్వాడు. "మీ పార్టీ వాతావరణ శాఖ భలే ఉందోయ్. గెలిస్తే గాలి, ఓడితే గుంతలు." ఆమెకి ఒళ్లు మండింది అప్పుడు. మీకు ప్రతిదీ వేళాకోళమే అని విసుక్కుంది. ఆ మనిషి అంతే, పొద్దస్తమానం వేరేవాళ్ల కాగితాలకి నకళ్లు తీస్తూ కూర్చుంటాడు కదా, సొంత మాట ఒకటి దొరికితే పదిమందికీ పంచుతాడు. ఓడిన సాయంత్రం మాత్రం భోజనాల బల్ల దగ్గర ఆమె కంచంలోకి చూసి, తిను, అన్నాడు అంతే, ఆ ఒక్క మాటకి ఆమెకి ఏడుపొచ్చేసింది.

గుంతలు. ఆ మాటకొస్తే గుంతలు ఉన్నాయి. మార్కెట్ వెనక రోడ్డు తవ్వి వదిలేసిన మాట నిజం, దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న మాటా నిజం, వానాకాలంలో ఒకావిడ జారిపడి మోకాలిచిప్ప పగలగొట్టుకుంటే ఆసుపత్రికి వెళ్లి తలొంచుకుని కూర్చున్న మాటా నిజం. అయితే ఆ కారణంగా ఓడితే మార్కెట్ వెనకే ఓడాలి కదా. ముందువైపు వీధులన్నీ అద్దంలా ఉన్నాయి, వీధి దీపాలు వేయించింది, పార్కులో బెంచీలు వేయించింది, అక్కడా ఓడిపోయింది. రోడ్డు వేసిన చోటా, వెయ్యని చోటా ఒకేలా ఓడిపోతే అది రోడ్డు సంగతి ఎలా అవుతుంది. ఫలితాలొచ్చిన మర్నాటినుంచీ ఈ ప్రశ్న ఆమెని వదలడం లేదు, వంటింట్లో, బాత్రూంలో, ఇక్కడ ఈ చల్లగాలిలో. నా తప్పు లేదనుకోవాలనే ఆశతో ఇలా ఆలోచిస్తున్నానా అని తననే తాను నిలదీసుకుంది కూడా. ఓడినవాళ్లందరికీ పైవాళ్లే దోషుల్లా కనిపిస్తారు, పైవాళ్లందరికీ ఓడినవాళ్లే. ఈ రెండూ పక్కనపెట్టి చూడు, అని ఆమె తనతో తనే గట్టిగా అంది, పెదాలు కదిలాయి కాబోలు, పక్క కుర్చీలో లాయరు తిరిగి చూశాడు.

రాజకీయాల్లోకి రాకముందు ఆమె కరెంటాఫీసు బిల్లుల కౌంటరులో పనిచేసింది. అద్దానికి చిన్న అర్ధచంద్రాకారపు కంత, అందులోంచి చేతులు, బిల్లులు, తిట్లు. రేటు పెరిగిన నెలల్లో తిట్లు ఎక్కువ. ఏమ్మా, మా నెత్తిన ఇంత బాదుతారా అని. ఆమె ఎక్కడ బాదింది, రేటు వేసినవాళ్లు ఎక్కడో పై అంతస్తులో ఉన్నారు, వాళ్లకి కంత లేదు. మొదట్లో ఇంటికెళ్లి ఏడ్చేది, తర్వాత అర్థమైంది, తిట్లు తనవి కావు, తనగుండా పైకి వెళ్లాల్సినవి. ఆ సంగతి చెబుదామని సెక్షను ఆఫీసరు దగ్గరికెళ్తే ఆయన టీ ఊదుకుంటూ, ఇవన్నీ పైకి రాస్తే మనకి పని చేతకాదనుకుంటారమ్మా, సర్దుకో, అన్నాడు. సర్దుకుంది. ఆ ఏడు ఆఫీసు అద్దాలు పగలగొట్టారు. పగలగొట్టిన జనంలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, అంతకుముందు నెలవరకూ ఆమెని నవ్వుతూ పలకరించినవాళ్లే.

ఈసారి జనం నవ్వుతూనే ఉన్నారు, అదే భయపెట్టింది. ప్రచారానికి వెళ్లిన ప్రతి ఇంట్లో కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు, పిల్లలు బాగున్నారా అన్నారు, కళ్లలోకి మాత్రం చూడలేదు. ఎప్పుడూ వాదించే రిటైర్డ్ కండక్టరు కూడా మీ దయ అమ్మా అని తలుపు దగ్గరికి వేశాడు. ఆ మనిషితో అరగంట పోట్లాడకుండా ఆ వీధి దాటిన రోజు లేదు, ఈసారి రెండు నిమిషాల్లో బయటపడింది. కుర్రాళ్లు సంబరపడ్డారు, మేడమ్, రెస్పాన్సు బ్రహ్మాండంగా ఉంది, ఎవరూ ఏమీ అనడం లేదు అని. ఎవరూ ఏమీ అనడం లేదని రాత్రి మొగుడితో చెబుతూ ఆమె కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. ఎక్కడన్నా ఒకరిద్దరు నోరు విప్పితే మందుల షాపుల మాటే. పోయినేడు దేశమంతటా సర్కారు మందుల దుకాణాలు మూసేశారు, నష్టాలన్నారు, లెక్కలు సరిచేస్తున్నామన్నారు. దాంట్లో రాష్ట్రంవాళ్ల చెయ్యేమీ లేదు, ఆమె చెయ్యి అసలే లేదు. అది మా చేతిలోది కాదండీ, పైవాళ్ల చేతిలోది, అనేది ఆమె. మరి పైవాళ్లకి చెప్పు తల్లీ, అనేవాళ్లు వాళ్లు. అంతే, అక్కడితో ఆగిపోయేది.

పోలింగు రోజు ఇంకోటి చూసింది. క్యూలు లేవు. తన సొంత వీధిలో, కళ్లు మూసుకుని తనకే వేసే వీధిలో, బూత్ ముందు పోలీసు ఆవులిస్తున్నాడు. ఇళ్లల్లో మనుషులున్నారు, టీవీల చప్పుడు వినిపిస్తోంది, పార్టీ కార్డు జేబులో పెట్టుకు తిరిగే పెద్దమనిషి తన మేడమీద మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు, కింద ఆమె నిలబడి పిలిస్తే వినపడనట్టు అవతలి కుండీ దగ్గరికి వెళ్లిపోయాడు. అవతలి పార్టీకి వెయ్యడానికి చెయ్యి రానివాళ్లు ఇంట్లో కూర్చున్నారు, చెయ్యి వచ్చినవాళ్లు వెళ్లి వేశారు. టీవీలో విశ్లేషకులు మూడు రోజులుగా గ్రాఫులు గీసి కొట్టుకుంటున్నారు, ఈ ఫలితం రెండేళ్ల తర్వాతి ఎన్నికకి అద్దమా కాదా అని. అద్దమో కాదో ఆమెకి తెలీదు. రెండేళ్లలో ఏమైనా జరగచ్చు. వెళ్లి వేసినవాళ్లు ఇంకా మాట్లాడుతున్నారు, వాళ్లని బతిమాలచ్చు, వాళ్లతో పోట్లాడచ్చు, మేడ మీద మొక్కలకి నీళ్లు పోసేవాడితో ఏం చెయ్యాలి? ఆ సంగతి ఏ గ్రాఫులోనూ లేదు.

బస్సుల ఆసామి లేచాడు. ఈయన సంగతి అందరికీ తెలుసు, గెలిచిన రోజు కనిపించాడు, మళ్లీ ఓట్ల ముందు కనిపించాడు, మధ్యలో నియోజకవర్గం మొహం చూస్తే ఒట్టు. "ఓటమికి పూర్తి బాధ్యత నాదే" అన్నాడు, ఆ మాట ఆయనకి నప్పింది కూడా, పంటల బీమా ఆలస్యమైంది సార్, అన్నాడు. ఆమె చప్పున డాక్టరుగారి వైపు చూసింది. రాత్రీ పగలూ జనంలో ఉన్న డాక్టరుగారికీ, జనం మొహం చూడని ఈ ఆసామికీ పడ్డ దెబ్బ ఒకటే. పోయినసారి వచ్చిన ఓట్లలో ఇద్దరికీ ఇంచుమించు అంతే తగ్గాయి. మనతోపాటే ఎన్నికలైన పక్క రాష్ట్రంలో కూడా అంతే తగ్గాయట, అక్కడి డ్రైనేజీ వేరు, అక్కడి బావమరుదులు వేరు. అపార్టుమెంటులో ఒక ఇంట్లో కుళాయి రాకపోతే వాషరు పోయిందనుకుంటాం. అన్ని ఇళ్లల్లోనూ రాకపోతే ఎవడైనా మేడెక్కి ట్యాంకు చూస్తాడు. ఇక్కడ ఇంతమంది పెద్దవాళ్లు కూర్చుని ఒక్కొక్కరి వాషరూ విప్పి చూపించమంటున్నారు, కార్యదర్శి ఆ వాషర్లన్నీ జాగ్రత్తగా రాసుకుంటున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కోపం వచ్చింది, కోపం పోకుండా అక్కడే కూర్చుంది.

కోపం అంటే మొన్నటి కోపం గుర్తొచ్చింది, అత్తగారి మీద. ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే ఆవిడ కిటికీ దగ్గర స్టూలు మీద బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ అలా పొద్దున్నే పని పెట్టుకుందంటే మనసులో ఏదో నలుగుతున్నట్టే. "అమ్మాయీ, ఇటు రా. నీకో మాట చెప్పకపోతే నాకు ముద్ద దిగేట్టు లేదు" అంది. ఏంటత్తయ్యా అంటే, తలెత్తకుండా, "నేను నీకు వెయ్యలేదే" అంది. ఆమెకి ముందు అర్థం కాలేదు. ఏం వెయ్యలేదు, కూరలో ఉప్పా? "ఓటు. నీకు వెయ్యలేదు. అటువాడికి వేశాను." ఈ ఇంట్లో, ఈ గిన్నెల మధ్య, తన సొంత అత్తగారు. పదిమందిలో మా కోడలు బంగారం అని చెప్పుకునే మనిషి. ఆమె గోడకి చేరగిలబడింది.

"నీమీద నాకేం కోపం? కడుపున పుట్టినది ఉన్నా నన్నింతలా చూసేది కాదు" అంది అత్తగారు, బఠాణీలు ఒలవడం ఆపకుండానే. "పక్కింటి పంతులమ్మ లేదూ, బీపీ మాత్ర చాకుతో సగానికి కోసుకుని మింగుతోందే. ఒక సగం ఇవాళ, ఒక సగం రేపు. సర్కారు షాపు తీసేశాక బయట కొనలేక. నావి ఇస్తానంటే తీసుకోదు, పంతులమ్మ కదా, పౌరుషం. ఈ సంగతి మీ పెద్దాయనకి ఎలా చెప్పను చెప్పు? ఆయన ఇల్లు తెలుసా నాకు, ఫోను తెలుసా? ఆయన ఎన్నిక రెండేళ్లకి గానీ రాదాయె. అంతదాకా సగం మాత్రతో ఆగుతుందా ఆ ప్రాణం? నా చేతిలో ఉన్నది ఆ ఒక్క ఓటు, దాంతోనే చెప్పాను. మధ్యలో నువ్వున్నావు. ఏం చెయ్యను మరి." అప్పుడు తలెత్తి చూసింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

ఆ రోజంతా ఆమె అత్తగారితో మాట్లాడలేదు. గిన్నెలు ఎత్తి కుదేసింది, తలుపులు ధడాలున వేసింది. ఎవరో పరాయివాళ్లు ఓడిస్తే ఊరుకోవచ్చు, ఇంట్లో అన్నం పెట్టే చెయ్యి వెళ్లి అవతలి గుర్తు మీద నొక్కితే ఎలా ఉంటుంది. పంతులమ్మ సంగతి నాకు చెబితే నేను మందులు కొనిపెట్టనా అని మనసులో అరిచింది, అరుస్తుండగానే జవాబూ తోచింది, పంతులమ్మకి కొనిపెడతావు, వీధి చివరి ఆవిడకి? మార్కెట్ వెనకాయనకి? డాక్టరుగారి ఊరికి ఎవరు కొనిపెడతారు? మధ్యాహ్నం మొగుడు భోజనానికి వచ్చి సంగతి విని, మా అమ్మ ఓటు పడనందుకే ఓడిపోయావా ఏం, అని నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. సాయంత్రానికి కోపం కిందనుంచి ఇంకోటి పైకి తేలింది. అత్తగారు అబద్ధం చెప్పి ఉండచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. చెప్పింది. కండక్టరు నోరు మూసుకున్నాడు, మొక్కలాయన మొహం తిప్పుకున్నాడు, అత్తగారొక్కత్తే ఎదురుగా కూర్చుని ఎందుకు వెయ్యలేదో చెప్పింది. వాళ్లందరి మాటా అదే అయి ఉంటుంది. తనని ఓడించిన ఆ ఓట్లు తన కోసం కాదు, తనగుండా పైకి వెళ్లడం కోసం పడ్డాయి. మళ్లీ ఆ అద్దం కంత ముందే కూర్చుంది తను, ఇన్నేళ్ల తర్వాత, మంచి చీర కట్టుకుని.

అప్పటినుంచీ అత్తగారిది ఒకటే ప్రశ్న. చేరిందా ఆయనకి? టీవీలో పెద్దాయన కనిపిస్తే చాలు, ఏమన్నాడు, మందుల షాపుల మాటేమన్నా ఎత్తాడా? ఎత్తలేదత్తయ్యా. మరి చేరలేదా? ఇవాళ పొద్దున చెప్పులు వేసుకుంటుంటే గుమ్మందాకా వచ్చి, "ఇవాళ ఆయన వస్తాడటగా" అంది, ఇంకేం అనలేదు. అనాల్సిన పని లేదు. ఇప్పుడు లేచి రోడ్లు సార్ అంటే ఆవిడ ఓటు రోడ్డు పద్దులో కలిసిపోతుంది, కార్యదర్శి కలం కింద గుంతై కూర్చుంటుంది. కోడల్ని ఓడించుకుని మరీ పంపిన మాట, ఈ హాల్లోకి వచ్చాక చేరకుండా పోతుంది. చేరకపోతే వాళ్లు ఊరుకుంటారా, ఇంకా గట్టిగా చెబుతారు, లేదా ఇక చెప్పడం మానేసి మేడమీద మొక్కలకి నీళ్లు పోసుకుంటారు. అద్దాలు పగలకముందు కౌంటరులో తను సర్దుకున్నట్టు ఇప్పుడూ సర్దుకోవాలా? సర్దుకుంటే సీటు. ఆ గుండ్రటి హాల్లో మాట్లాడే సీటు. ఇక్కడ, ఇంత చిన్న హాల్లో, నోటిదాకా వచ్చిన మాట మింగేసినదాన్ని, అక్కడికెళ్లి ఏం మాట్లాడతాను? ఏం మాట్లాడతావే అక్కడ, అని తనని తను అడిగింది, అడిగి కొంగు నడుముకి దోపుకుంది. సీటు మీద కోరిక చచ్చిందని కాదు. అక్కడే ఉంది, బాధగానే ఉంది, పోతే పోనీ అని అనుకోవడం కూడా కష్టంగానే ఉంది. అయినా అనుకుంది.

లాయరు లేచి ఏదో చెప్పి కూర్చున్నాడు. ఆమె వంతు. ముందు వరస కుర్చీ వీపు పట్టుకుని లేచింది. వేదిక మీద పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు, ఆయన ముందు పొద్దున కార్యదర్శి తెచ్చిపెట్టిన ఫలితాల కాగితాల కట్ట ఇంకా బోర్లానే ఉంది. కార్యదర్శి చిరునవ్వుతో, నేర్పిన పద్యం అప్పజెప్పించే మాస్టారిలా, "చెప్పు చెల్లెమ్మా. బాధ్యత..." అని అందించాడు.

"మా అత్తగారు నాకు ఓటు వెయ్యలేదండి" అంది ఆమె.

హాలంతా గొల్లుమంది. ఇంతసేపూ బిగదీసుకుని కూర్చున్నవాళ్లంతా పగలబడి నవ్వారు, బస్సుల ఆసామి కళ్లు తుడుచుకున్నాడు, పెద్దాయన మొహంలో కూడా ఇవాళ మొదటిసారి నవ్వు కనిపించింది. కార్యదర్శి గట్టెక్కినట్టు ఊపిరి వదిలి రాసుకున్నాడు, పైకి చదువుతూ, "ఇంట్లో గొడవలు."

"గొడవలేం లేవండీ. అది కొట్టెయ్యండి" అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, కౌంటరులో కంతలోంచి అవతలివాళ్లకి వినబడేట్టు మాట్లాడే గొంతు అది. "ఆవిడకి నేనంటే ప్రాణం. పక్కింటావిడ బీపీ మాత్ర సగానికి కోసుకు మింగుతోందండి, సర్కారు మందుల షాపు తీసేశాక. ఆ మాట మీకు చెప్పడానికి ఆవిడకి దారి దొరకలేదు. మీ ఎన్నిక ఇంకా రెండేళ్లుంది. నాది ముందొచ్చింది. అందుకని నన్ను ఓడించి మీకు చెప్పింది. బాధ్యత నాదే అని కూర్చుంటే ఆవిడ చెప్పింది మీకు చేరదండి. మార్కెట్ వెనక రోడ్డు నేను వేయించలేకపోయాను, అది నాదే, రాసుకోండి. కానీ రోడ్డు వేయించిన చోట కూడా ఓడిపోయాను. డాక్టరుగారూ ఓడిపోయారు. పక్క రాష్ట్రంలోనూ ఓడిపోయాం. అందరం తలో కారణం చెబుతున్నాం, అందరికీ తగిలిన దెబ్బ ఒకటే. పొద్దున్నుంచీ ఆ ఒక్కటీ ఎవరూ అనలేదండి."

నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలీదు. డాక్టరుగారు వెనక్కి తిరిగి చూశారు, చూసి తల తిప్పుకోలేదు. కార్యదర్శి మొహంలో నెత్తురు చుక్క లేదు, చెల్లెమ్మా టైము, టైము అని చేత్తో సైగ చేస్తున్నాడు, ఆ చేతిలోనే ఆమె సీటు ఉంది, దాన్ని చూస్తూనే ఆమె చెప్పడం ముగించింది.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్నారు. పొద్దున్నుంచీ తల ఊపడం తప్ప నోరు విప్పని మనిషి, మెల్లగా, కోపం లేకుండానే అడిగారు. "మీ అత్తగారి బాధ అర్థమైందమ్మా. కానీ ఒక ఇంట్లో మాట దేశం మాట ఎలా అవుతుంది? మీ అత్తగారిలా అనుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారంటావు?"

"లెక్క మీ ముందే ఉందండి" అంది ఆమె. "ఎన్నికల అధికారులు ఊరూరికీ విడివిడిగా రాసి పంపారు. ఇంకా తిప్పి చూసినట్టు లేరు."

పెద్దాయన ఆమెని చూశారు, తర్వాత బోర్లా ఉన్న కాగితాలని చూశారు. కార్యదర్శి కూర్చో కూర్చో అని ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆయన చెయ్యి కదిలి మొదటి కాగితం తిప్పేదాకా ఆమె నిలబడే ఉంది.